నింగి చిత్రం – నేల సాక్ష్యం: ఉద్దానం తీరంలో ఉపగ్రహ చిత్రాలు, అంటువ్యాధుల వార్తలు

వ్యాస సంగ్రహం

అంతరిక్షం నుంచి తీసిన భూమి చిత్రాలకూ, అంటువ్యాధుల వ్యాప్తిని గురించి వెలువడే వార్తలకూ ఒక సామ్యం ఉంది. రెండూ దూరం నుంచి అందే సూచనలే. నేల మీద సరిచూసుకున్న తరువాతనే అవి నమ్మదగిన జ్ఞానంగా మారతాయి. శ్రీకాకుళం జిల్లాలోని పూండి, పలాస, టెక్కలి పరిసరాలతో కూడిన ఉద్దానం తీరాన్ని ఉదాహరణగా గ్రహించి, ఈ రెండు సమాచార మార్గాలు పనిచేసే తీరునూ వాటి పరిమితులనూ వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. 2018 నాటి తిత్లీ తుఫాను, 2021లో తేలినీలాపురంలో సంభవించిన పక్షుల మరణాలు, ఉద్దానం మూత్రపిండాల వ్యాధి ఇందులో ప్రధాన సందర్భాలు.

కీలకపదాలు: ఉద్దానం, పూండి, తిత్లీ తుఫాను, దూరసంవేదన, ఉపగ్రహ చిత్రాలు, అంటువ్యాధుల నిఘా, తేలినీలాపురం.

1. ఉపోద్ఘాతం

1972 డిసెంబర్ 7న అపోలో–17 వ్యోమగాములు చంద్రుని వైపు ప్రయాణిస్తూ తీసిన భూగోళ చిత్రం ప్రపంచ ప్రసిద్ధమైనది. నల్లని శూన్యంలో నీలి గోళీలా కనిపించే భూమి, అందులో ఆఫ్రికా, అరేబియా భూభాగాలు, అడుగున అంటార్కిటికా మంచు ఆ చిత్రంలో స్పష్టంగా ఉన్నాయి. కుడివైపు పై అంచున హిందూ మహాసముద్రం మీద ఒక చిన్న తెల్లని సుడి కూడా ఉంది. అది అంతకు రెండు రోజుల ముందు తమిళనాడు తీరాన్ని తాకిన తుఫాను. ప్రపంచం ఆ చిత్రంలో భూమి అందాన్ని చూసింది. ఆ తెల్లని సుడి కింద ఇళ్లు కోల్పోయినవారు, మురుగు కలిసిన నీటిని తాగవలసి వచ్చినవారు ఆ చిత్రంలో కనిపించరు. అంత దూరం నుంచి కనిపించడం సాధ్యమూ కాదు.

అంతరిక్ష చిత్రం ఎంత చూపగలదు, ఎక్కడ ఆగిపోతుంది అన్న ప్రశ్న బంగాళాఖాతం తీరవాసులకు కేవలం శాస్త్ర కుతూహలం కాదు. హౌరా–చెన్నై రైలుమార్గంలో పలాసకూ నౌపడకూ నడుమ ఉన్న పూండి స్టేషను, దాని చుట్టుపక్కల గ్రామాలు, తూర్పున సముద్రం దాకా పరచుకున్న కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు కలిసిన ప్రాంతం ఉద్దానం. ఉద్యానమనే మాటే వాడుకలో ఉద్దానమైందని చెబుతారు. ఈ తీరం గురించి బయటి ప్రపంచం తెలుసుకునేది ఎక్కువగా రెండు రూపాల్లో. ఒకటి తుఫాను వచ్చినప్పుడు టెలివిజన్లలో తిరిగే ఉపగ్రహ చిత్రం. రెండవది ఏదో ఒక జబ్బు ప్రబలిందన్న పత్రికా వార్త. ఈ రెండింటినీ చదవడం ఎలాగో తెలిసినవారికి అవి రక్షణ సాధనాలు. తెలియనివారికి అవే భయానికీ ఒక్కొక్కప్పుడు నిర్లక్ష్యానికీ కారణాలు.

2. అంతరిక్ష చిత్రం: చూపు కాదు, కొలత

ఉపగ్రహ చిత్రాన్ని సాధారణంగా ఛాయాచిత్రంగా భావిస్తారు. నిజానికి అది కొలతల పట్టిక. భూమి మీది ఒక్కొక్క చదరపు ముక్క నుంచి ఎంత కాంతి, ఎంత వేడి, ఎంత రేడియో తరంగశక్తి వెనుదిరిగి వచ్చిందో పరికరం కొలుస్తుంది. ఆ అంకెలకు శాస్త్రజ్ఞులు రంగులు కేటాయిస్తారు. కనుకనే ఒక చిత్రంలో పచ్చని తోట ఎర్రగా కనిపించవచ్చు, మరొక చిత్రంలో నీరు నల్లగా కనిపించవచ్చు. రంగుల వెనుక ఉన్న కొలత ఏమిటో తెలియకుండా చిత్రాన్ని చదవడం సాధ్యం కాదు.

వాతావరణ ఉపగ్రహాలు భూమధ్యరేఖకు ఎగువన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తులో, భూభ్రమణంతో సమానమైన వేగంతో తిరుగుతూ ఎల్లప్పుడూ ఒకే ప్రదేశం మీద నిలిచి ఉన్నట్లుంటాయి. 2013లో ప్రయోగించిన ఇన్శాట్–3డి, 2016లో శ్రీహరికోట నుంచి ప్రయోగించిన ఇన్శాట్–3డిఆర్ ఈ కోవకు చెందినవి. ఇవి పగలూ రాత్రీ మేఘాల ఉష్ణోగ్రతను కొలుస్తాయి. మేఘం ఎంత చల్లగా ఉంటే దాని శిఖరం అంత ఎత్తున ఉన్నదని అర్థం. అయితే ఇన్శాట్–3డి ఉష్ణ చిత్రంలో ఒక్కొక్క ముక్క వైశాల్యం నాలుగు కిలోమీటర్ల పొడవు, నాలుగు కిలోమీటర్ల వెడల్పు. ఒక గ్రామం, దాని చెరువు, తోటలు అన్నీ కలిపి ఆ చిత్రంలో ఒకే చుక్క.

భూ వనరుల పరిశీలనకు వాడే ఉపగ్రహాలు ఇంతకంటె చాలా తక్కువ ఎత్తులో, ధ్రువాల మీదుగా తిరుగుతాయి. వీటి చూపు సూక్ష్మమైనది. కొన్నింటికి ఇరవై నాలుగు మీటర్ల వివరమూ, మరికొన్నింటికి ఆరు మీటర్లలోపు వివరమూ అందుతుంది. కానీ ఒకే ప్రదేశం మీదికి అవి మళ్లీ రావడానికి రోజులు పడుతుంది. అంటే తరచుగా చూసే ఉపగ్రహానికి వివరం తక్కువ, వివరంగా చూసే ఉపగ్రహానికి రాకడ తక్కువ. ఈ రెండింటి మధ్య ఎంపిక అంతరిక్ష పరిశీలనలో నిత్య సమస్య.

భారతదేశంలో ఈ విద్య ఒక వ్యాధిని గుర్తించే ప్రయత్నంతోనే ఆరంభమైందన్నది ఉద్దానం పాఠకులకు ప్రత్యేకంగా గమనార్హం. దేశంలో దూరసంవేదన పితామహుడిగా పేరుపొందిన పిషరోత్ రామ పిషరోటి బృందం 1970 ప్రాంతంలో కేరళ కొబ్బరి తోటల మీదుగా హెలికాప్టర్‌లో ప్రయాణిస్తూ పరారుణ ఫిల్ముతో చిత్రాలు తీసింది. కొబ్బరి వేరు ఎండు తెగులు సోకిన చెట్లను పైనుంచి గుర్తించవచ్చునా అన్నది వారి ప్రశ్న. ఆరోగ్యంగా ఉన్న ఆకు పరారుణ కాంతిని ఎక్కువగా వెనక్కి పంపుతుంది. తెగులు సోకిన ఆకు ఆ శక్తిని కోల్పోతుంది. ఈ తేడా ఫిల్ము మీద రంగులో కనిపిస్తుంది. ఆకాశం నుంచి అనుమానించిన చెట్లను నేల మీద పరిశీలించి పోల్చిచూడడం ఆ ప్రయోగంలో ముఖ్య భాగం. చెట్ల అంటువ్యాధిని వెతికిన ఆ ప్రయోగానంతరం 1974లో హైదరాబాదులో జాతీయ దూరసంవేదన సంస్థ ఏర్పడింది. అదే నేటి ఇస్రో జాతీయ దూరసంవేదన కేంద్రం.

3. తిత్లీ: పలాస మీదుగా నడిచిన కన్ను

2018 అక్టోబర్ 8న బంగాళాఖాతంలో వాయుగుండంగా ఏర్పడి, మరునాడు తుఫానుగా, 10వ తేదీకి అతి తీవ్ర తుఫానుగా బలపడిన వ్యవస్థకు తిత్లీ అని పేరు. సీతాకోకచిలుక అని దాని అర్థం. అక్టోబర్ 11 తెల్లవారుజామున నాలుగున్నర, అయిదున్నర గంటల నడుమ అది పలాస సమీపంలో తీరం దాటింది. అప్పుడు గాలి వేగం గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు, ఉధృతి 165 కిలోమీటర్ల దాకా ఉన్నట్లు భారత వాతావరణ శాఖ నమోదు చేసింది.

ఈ మూడు రోజులూ ఇన్శాట్ ఉపగ్రహాలు అరగంటకొక చిత్రాన్ని పంపాయి. రెండింటి చిత్రాలనూ ఒకదాని తరువాత ఒకటి కలుపుకుంటే పావుగంటకొక చిత్రం అందుతుంది. మేఘాల సుడి ఆకృతిని బట్టి, తుఫాను కన్ను చుట్టూ ఉన్న మేఘవలయం చల్లదనాన్ని బట్టి దాని బలాన్ని అంచనా కట్టే పద్ధతి ప్రపంచమంతటా అమలులో ఉంది. తీరానికి చేరువయ్యాక ఆ అంచనాను డాప్లర్ రాడార్ల కొలతలతో సరిచూస్తారు. తీరగ్రామాల ప్రజలను తరలించడానికి, వేటకు వెళ్లిన మత్స్యకారులను వెనక్కి పిలవడానికి ఈ సమాచారమే ఆధారం.

అయితే తుఫాను తీరం దాటిన మరుక్షణం నుంచి ప్రశ్న మారిపోతుంది. తుఫాను ఎక్కడుంది అన్నది కాక, మనుషులు ఏ స్థితిలో ఉన్నారు అన్నది ప్రధానమవుతుంది. తిత్లీ ధాటికి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. విద్యుత్ స్తంభాలు కూలాయి. కరెంటు లేక నీటి పథకాల మోటార్లు ఆగిపోయాయి. వంశధార, మహేంద్రతనయ నదులకు వరద వచ్చింది. మేఘాలు కమ్మి ఉన్న రోజుల్లో మామూలు కెమెరా గల ఉపగ్రహానికి నేల కనిపించదు. రాడార్ ఉపగ్రహం మాత్రం మేఘాలను దాటి చూడగలదు. అది పంపిన తరంగాలు నునుపైన నీటి ఉపరితలం మీద పడి పక్కకు జారిపోతాయి కాబట్టి వరద నీరు చిత్రంలో నల్లగా కనిపిస్తుంది.

ఇక్కడే జాగ్రత్త అవసరం. నౌపడ పరిసరాల్లో ఉప్పు మడులు విస్తారంగా ఉన్నాయి. మడిలో కదలక నిలిచిన పలుచని ఉప్పునీరు కూడా రాడార్ చిత్రంలో నల్లగానే కనిపిస్తుంది. వరదకు ముందు తీసిన చిత్రంతో పోల్చకుండా, స్థానికంగా ఏది మడి, ఏది పొలం అని తెలిసినవారిని అడగకుండా, నల్లని ప్రతి మరకనూ ముంపుగా లెక్కవేస్తే సహాయం తప్పుదారి పడుతుంది. ఈ విధమైన నేల మీది నిర్ధారణనే దూరసంవేదన శాస్త్రం ‘నేల సాక్ష్యం’గా పరిగణిస్తుంది.

4. చిత్రం ముగిసిన చోట మొదలయ్యే కాలం

తుఫాను తరువాత వచ్చే వ్యాధులకు ఒక కాలక్రమం ఉంది. దాన్ని తెలుసుకుంటే ఏ పని ఎప్పుడు చేయాలో తెలుస్తుంది. కలుషిత జలం వల్ల సోకే కలరా లక్షణాలు కొన్ని గంటల నుంచి అయిదు రోజుల లోపల బయటపడతాయి. కనుక మొదటి వారంలో ప్రాణాలను కాపాడేది శుభ్రమైన నీరు. నాణ్యమైన బ్లీచింగ్ పౌడర్ సుమారు రెండున్నర గ్రాములు వెయ్యి లీటర్ల తేట నీటికి సరిపోతుంది. కలిపిన గంట తరువాత కూడా లీటరు నీటిలో అర మిల్లీగ్రాము క్లోరిన్ మిగిలి ఉంటే ఆ నీరు తాగడానికి పనికివస్తుంది. నీటిలో రెండు చుక్కల ద్రావకం వేసి, వచ్చిన పసుపు రంగును బట్టి క్లోరిన్‌ను లెక్కించే పరీక్ష ఏ గ్రామంలోనైనా చేయదగినది.

డెంగీ కాలక్రమం దీనికి భిన్నం. నిలిచిన నీటిలో ఏడెస్ దోమ గుడ్డు నుంచి పెద్ద దోమగా ఎదగడానికి వారం నుంచి పది రోజులు పడుతుంది. ఆ దోమ వ్యాధిగ్రస్తుణ్ణి కుట్టి, దానిలో వైరస్ వృద్ధి చెంది, మరొకరిని కుట్టి, ఆ వ్యక్తికి జ్వరం రావడానికి ఇంకా రెండు వారాలకు పైగా పట్టవచ్చు. అంటే టెలివిజన్ తెరల మీది నుంచి తుఫాను చిత్రం మాయమైన చాలా రోజులకు డెంగీ జ్వరాలు మొదలవుతాయి. అప్పటికి సహాయ బృందాలూ విలేకరులూ వెళ్లిపోయి ఉంటారు.

ఉద్దానంలో ఈ ప్రమాదానికి మరొక కారణం కూడా ఉంది. ఏడెస్ దోమకు చెరువు అక్కరలేదు. గుడ్లు పెట్టడానికి బోర్లించని కొబ్బరి చిప్పలో నిలిచిన వాననీరు చాలు. కొబ్బరి ప్రధాన జీవనాధారమైన చోట చిప్పలు ప్రతి పెరట్లోనూ ఉంటాయి. 36,000 కిలోమీటర్ల ఎత్తు నుంచి తుఫాను కన్నును చూడగలిగిన ఉపగ్రహం ఆ చిప్పను చూడలేదు. దాన్ని చూసేది ఆ ఇంటి గడపలోకి వెళ్లగల ఆశా కార్యకర్త. అలాగే కూలిన కొబ్బరి మోడులు కుళ్లితే వాటిలో కొమ్ము పురుగు పెరిగి నిలిచిన చెట్ల మొవ్వును తొలుస్తుంది. తుఫాను అనంతర శుభ్రత మనిషి ఆరోగ్యానికీ తోట ఆరోగ్యానికీ కూడా అవసరమే.

5. సముద్రపు రంగు, కలరా

అంతరిక్ష చిత్రానికీ అంటువ్యాధికీ నేరుగా లంకె పడిన ప్రసిద్ధ సందర్భం బంగాళాఖాతానిదే. కలరా కారక సూక్ష్మజీవి మనిషి పేగుల్లోనే కాక, నదీముఖాల ఉప్పుటేరుల్లో, సముద్ర జలాల్లో సూక్ష్మ రొయ్యల వంటి జీవుల పెంకులను అంటిపెట్టుకొని బతుకుతుందని అమెరికన్ శాస్త్రవేత్త రీటా కాల్వెల్ దశాబ్దాల పరిశోధనలో నిరూపించారు. సముద్రం వేడెక్కితే, పోషకాలు చేరితే, ఆకుపచ్చని సూక్ష్మ వృక్షాలు పెరుగుతాయి. వాటిని తినే సూక్ష్మ జంతువులూ వాటితో పాటు కలరా జీవులూ పెరుగుతాయి. సముద్ర ఉపరితల ఉష్ణోగ్రత, నీటిమట్టం ఉపగ్రహాలకు అందే కొలతలు. 2000 సంవత్సరంలో కాల్వెల్ బృందం ఆ కొలతలను బంగ్లాదేశ్ కలరా లెక్కలతో పోల్చి, రెండింటి ఋతుగమనంలో సంబంధం ఉన్నట్లు ప్రకటించింది. తరువాత ఇటువంటి నమూనాలు యెమెన్‌లో కలరా ప్రబలినప్పుడు ఉపయోగపడ్డాయి. 2018లో వాన సూచనలతో కలిపి ఏ ప్రాంతానికి ముందుగా సహాయం పంపాలో నిర్ణయించడానికి వాటిని వాడారు.

ఉద్దానం మత్స్యకారులకు సముద్రపు రంగు చిత్రం కొత్తది కాదు. హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం ఉపగ్రహాలు కొలిచిన ఉష్ణోగ్రత, పత్రహరితం వివరాలతో చేపలు దొరికే తావులను సూచిస్తూ తీరగ్రామాలకు సలహాలు పంపుతుంది. ఒకే కొలతను మత్స్యకారుడు చేపల జాడగా చదువుతాడు, వ్యాధి పరిశోధకుడు కలరా అవకాశంగా చదువుతాడు. రెండు చదువులూ అవకాశాన్నే చెబుతాయి. చేప వలలో పడేదాకా అది చేప కాదు. అలాగే సముద్రంలో సూక్ష్మజీవి పెరిగినంత మాత్రాన గ్రామంలో కలరా రాదు. తాగునీరు, మరుగుదొడ్డి, చేతుల శుభ్రత అనే మూడు గడపలు దాటితేనే అది మనిషిని చేరుతుంది. ఆ గడపలను కాపాడుకోవడం ఉపగ్రహం చేతిలో లేదు.

6. వార్త నుంచి నిర్ధారణ దాకా

అంటువ్యాధుల సమాచారం రెండు దారుల్లో వస్తుంది. మొదటిది లెక్కల దారి. 2004లో ఆరంభమైన సమగ్ర వ్యాధి నిఘా పథకం కింద గ్రామ ఆరోగ్య కార్యకర్త లక్షణాలను బట్టి, వైద్యుడు తన అంచనాను బట్టి, ప్రయోగశాల పరీక్షా ఫలితాన్ని బట్టి వేర్వేరు పత్రాలు నింపుతారు. సోమవారం నుంచి ఆదివారం వరకు ఒక వారంగా లెక్కవేసేవారు. జ్వరం, దగ్గు, విరేచనాలు, కామెర్లు వంటి లక్షణాలతో పాటు, వీటిలో చేరని అసాధారణ లక్షణాలకు కూడా ఆ పత్రంలో చోటుంది. ఒక గ్రామంలో మామూలుగా ఈ కాలంలో ఎన్ని కేసులుంటాయో తెలిసినప్పుడే ఈ వారం పెరిగాయో లేదో చెప్పగలం. 2021 ఏప్రిల్ నుంచి దేశవ్యాప్తంగా వచ్చిన సమగ్ర ఆరోగ్య సమాచార వేదికలో ఈ నమోదు కాగితం నుంచి మొబైల్ ఫోనుకు మారింది. గ్రామస్థాయి కేసులు పటం మీద చుక్కలుగా కనిపించే ఏర్పాటు కలిగింది.

రెండవది వార్తల దారి. పత్రికల్లో, టెలివిజన్లలో వచ్చిన వ్యాధి వార్తలను గమనించి, సంబంధిత జిల్లా అధికారులకు పంపి, నిజానిజాలు తేల్చే విభాగం 2008 నుంచి జాతీయ స్థాయిలో పనిచేస్తోంది. ప్రపంచంలోనూ ఇదే ధోరణి. 1994లో ప్రారంభమైన ప్రోమెడ్ అనే వైద్యుల సమాచార వేదికలో 2003 ఫిబ్రవరి 10న చైనాలో వింత న్యుమోనియా గురించి ఒక ప్రశ్న కనిపించింది. అదే సార్స్. 2019 డిసెంబర్ 30న వూహాన్ న్యుమోనియా వార్త కూడా అక్కడే వెలువడింది. 2007 జూన్‌లో అమలులోకి వచ్చిన అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలు ప్రభుత్వాల నివేదికలనే కాక ఇటువంటి అనధికార సమాచారాన్ని కూడా పరిశీలించే అధికారాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థకు ఇచ్చాయి. పుకారును తోసిపుచ్చకుండా, అలాగని నమ్మకుండా, పరీక్షకు పెట్టడం ఈ విధానం సారాంశం.

పరీక్ష ఎందుకు అవసరమో ఏలూరు చెబుతుంది. 2020 డిసెంబర్ మొదటివారంలో ఆ నగరంలో వందలమంది మూర్ఛతో, కళ్లు తిరిగి పడిపోయారు. అంతుచిక్కని వ్యాధి అనే శీర్షిక ప్రపంచమంతా వ్యాపించింది. కోవిడ్ భయంతో ఉన్న రోజుల్లో ఇది మరొక వైరస్ అని అనుమానించడం సహజం. అయితే రోగుల రక్త పరీక్షల్లో సీసం, నికెల్ వంటి లోహాలు బయటపడ్డాయి, ఇతర సంస్థల పరిశీలన పురుగుమందుల వైపు వేలు చూపింది. అంటువ్యాధిగా కనిపించినది అంటువ్యాధి కాకపోవచ్చునని ఆ ఉదంతం చూపింది.

7. తేలినీలాపురం: చింతచెట్ల కింద దొరికిన సాక్ష్యం

టెక్కలి మండలంలోని తేలినీలాపురం పక్షుల విడిదిగా పేరుపొందింది. పెలికాన్లుగా పిలిచే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఏటా వచ్చి ఊరి చెట్లమీద గూళ్లు కట్టి పిల్లలను పెంచుతాయి. గ్రామస్థులు వాటిని అతిథులుగా, శుభసూచకాలుగా భావించి కాపాడుకుంటారు. 2021 డిసెంబర్‌లో అక్కడ గూడబాతులు వరుసగా చనిపోసాగాయి. మరణాలు వందకు పైబడ్డాయి. పక్షులు గుంపులుగా చనిపోతే మొదట మనసుకు వచ్చేది బర్డ్ ఫ్లూ. ఆ అనుమానం వార్తగా మారితే దాని ప్రభావం కోళ్ల పెంపకందారుల మీద, పక్షులను ఇంతకాలం ఆదరించిన గ్రామం మీద పడుతుంది.

చనిపోయిన పక్షులను పశువైద్యులు పరిశీలించినప్పుడు తేలిన కారణం నులిపురుగు. చేపల ద్వారా పక్షుల కడుపులోకి చేరిన పరాన్నజీవి వాటి ప్రాణాలు తీసింది. నులిపురుగు కూడా ఒక సంక్రమణమే కాని, వైరస్‌లా గాలిలో ఎగిరి కోళ్లకు అంటుకునేది కాదు. నివారణ మార్గం కూడా వేరు. బర్డ్ ఫ్లూ అయితే కోళ్లను వధించవలసి వచ్చేది. నులిపురుగు అయితే పక్షులు మేత మేసే చెరువులను, చేపలను పరిశీలించాలి. పేరు తప్పితే చికిత్స కూడా తప్పుతుందనడానికి ఇది స్పష్టమైన ఉదాహరణ. ఈ మరణాలను ఏ ఉపగ్రహమూ చూడలేదు. చెట్ల కింద పడిన పక్షులను మొదట చూసింది ఆ ఊరివారే.

8. దృశ్యం కలిగించే భయం

అంటువ్యాధి వార్త అక్షరాల రూపంలోనే కాదు, దృశ్యరూపంలో కూడా ప్రయాణిస్తుంది. 2020 జూన్‌లో పలాసలో కోవిడ్ సోకి మరణించిన ఒక వృద్ధుని దేహాన్ని మట్టి తవ్వే జేసీబీ తొట్టిలో తరలించిన దృశ్యం దేశమంతటా ప్రసారమైంది. ప్రభుత్వం బాధ్యులను సస్పెండ్ చేసింది. ఆ దృశ్యం ఒక తప్పిదాన్ని వెలుగులోకి తెచ్చింది. ఆ మేరకు అది సమాజానికి మేలు చేసింది. అదే సమయంలో అటువంటి దృశ్యాలను చూసిన కుటుంబం తమ ఇంట్లో జ్వరం వస్తే బయటికి చెప్పడానికి వెనుకాడే ప్రమాదం ఉంది. చెప్పని జ్వరం ఏ పత్రంలోనూ నమోదు కాదు, ఏ పటం మీదా చుక్కగా మారదు. భయం వ్యాధి నిఘాకు మొదటి శత్రువు. రోగికీ మృతునికీ దక్కవలసిన గౌరవం మానవీయ ధర్మం మాత్రమే కాదు, అంటువ్యాధి నియంత్రణలో ఒక ఆచరణాత్మక అవసరం కూడా.

9. ఏ హెచ్చరికకూ అందని జబ్బు

ఉద్దానం పేరు బయటి ప్రపంచానికి ఎక్కువగా తెలిసింది మూత్రపిండాల వ్యాధి వల్ల. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, వజ్రపుకొత్తూరు, మందస మండలాల్లో దశాబ్దాలుగా ఈ వ్యాధి పీడిస్తోంది. మధుమేహం, రక్తపోటు వంటి మామూలు కారణాలతో దీన్ని వివరించలేకపోయారు. కారణం ఇదమిత్థమని శాస్త్రం ఇంకా తేల్చలేదు. ఇది అంటువ్యాధి కాదు. అయినా ఈ చర్చలో దీనికి చోటుంది. పైన చెప్పిన రెండు సమాచార మార్గాల పరిమితినీ ఇది బయటపెడుతుంది.

అంటువ్యాధి నిఘా వారం వారం తేడాను పట్టుకుంటుంది. గత వారం అయిదు, ఈ వారం యాభై అంటే గంట మోగుతుంది. ఏళ్ల తరబడి మెల్లగా, లక్షణాలు లేకుండా, ఒక్కొక్కరిలో పెరిగే జబ్బుకు అటువంటి గంట మోగదు. నడుమునొప్పి, నీరసం, కాళ్ల వాపు కనిపించేనాటికి మూత్రపిండాలు చాలావరకు దెబ్బతిని ఉంటాయి. ఉపగ్రహ చిత్రాల ఆధారంగా భూగర్భజలం ఎక్కడ దొరుకుతుందో సూచించే పటాలు తయారవుతాయి. ఆ నీటిలో ఏముందో చెప్పాలంటే బావి దగ్గరకు వెళ్లి సీసాలో నీరు పట్టాలి. దగ్గర నుంచి, ఓపికగా, సంవత్సరాల తరబడి రక్త పరీక్షలు చేయడం తప్ప ఈ జబ్బును చూసే దారి లేదు. ఈ అవసరాన్ని గుర్తించే పలాసలో 200 పడకల ఆసుపత్రితో కూడిన కిడ్నీ పరిశోధన కేంద్రాన్ని, హిరమండలం జలాశయం నుంచి శుద్ధిచేసిన వంశధార నీటిని ఉద్దానం గ్రామాలకు చేర్చే సుమారు 700 కోట్ల రూపాయల పథకాన్ని ఏర్పాటు చేశారు. 2023 డిసెంబర్ 14న రెండూ ప్రారంభమయ్యాయి.

వార్తల విషయంలోనూ ఇదే భేదం ఉంది. హఠాత్తుగా వచ్చినదే వార్త. ఏటా ఉండే బాధ వార్త కాదు. తుఫానుకు పేరుంది, తేదీ ఉంది, చిత్రం ఉంది. డయాలసిస్ కోసం వారానికి రెండు మూడు సార్లు ఆసుపత్రికి వెళ్లి వచ్చే మనిషి ప్రయాణానికి ఇవేవీ లేవు. కనుక ఒక ప్రాంతపు ఆరోగ్యాన్ని దాని నుంచి వెలువడిన వార్తల సంఖ్యతో కొలవడం పొరపాటు.

10. ముగింపు

పై పరిశీలన వల్ల తేలే అంశాలు ఇవి. ఉపగ్రహ చిత్రం, వ్యాధి వార్త రెండూ సూచనలే, తీర్పులు కావు. చిత్రానికి విస్తృతి ఉంది, వివరం తక్కువ. వార్తకు వేగం ఉంది, నిర్ధారణ తక్కువ. తిత్లీ సమయంలో ఉపగ్రహం ముందుగా చెప్పగలిగింది, ఆ తరువాతి వారాల్లో ప్రాణాలు కాపాడవలసింది బ్లీచింగ్ పౌడర్, బోర్లించిన కొబ్బరి చిప్ప. తేలినీలాపురంలో అనుమానం ఒకటి, కారణం మరొకటి. ఉద్దానం మూత్రపిండాల వ్యాధి విషయంలో రెండు మార్గాలూ మౌనంగా ఉండిపోయాయి.

కనుక తీరప్రాంతాల్లో అంతరిక్ష సమాచారం మీద పెట్టే వ్యయంతో పాటు దాన్ని నేల మీద సరిచూసే మనుషుల మీద కూడా అంతే శ్రద్ధ అవసరం. గ్రామ ఆరోగ్య కార్యకర్త నింపే పత్రం, పశువైద్యుడు తీసే నమూనా, నీటి పరీక్ష చేసే ఉద్యోగి నమోదు చేసే అంకె ఉపగ్రహ కొలతకు ఏ మాత్రం తీసిపోని శాస్త్ర సమాచారం. పాఠశాల విద్యలో తుఫాను చిత్రాన్ని చదవడం, వ్యాధి వార్తను ప్రశ్నించడం నేర్పితే ఆ పరిశీలన ఇంటింటికీ చేరుతుంది. ఈ చిత్రం ఏమి కొలిచింది, ఎప్పుడు తీసింది, ఈ వార్తను ఎవరు చూశారు, ఎవరు పరీక్షించారు అనే నాలుగు ప్రశ్నలు పూండి స్టేషనులో దిగే విద్యార్థికైనా, జిల్లా అధికారికైనా ఒకే విధంగా ఉపయోగపడతాయి.